చిట్టియ్య మేట

నరసాపురం రేవులో తొలి పంటు పొద్దున్న ఐదున్నరకి కదులుతుంది. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి మీద చెక్కలు పరిస్తే అది పంటు. దాని మీద మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో, చేపల గంపలు, కాలేజీ పిల్లలు, అప్పుడప్పుడూ ఒక గేదె. ఇవతల నరసాపురం, అవతల సఖినేటిపల్లి, నడుమ వశిష్ఠ గోదావరి. చుక్కాని దగ్గర నిలబడేవాణ్ణి సరంగు అంటారు. ఇరవై రెండేళ్ళుగా తొలి పంటు సరంగు చిట్టియ్య.

అతను పంటుని నేరుగా నడపడు. పాటు వేళ, సముద్రం తన నీళ్ళని వెనక్కి లాక్కునే వేళ, నది నడుమ ఇసుక మేటలు వీపు పైకెత్తుతాయి. కంటికి ఇసుక కనిపించదు. ఒకచోట నీళ్ళ రంగు, పాలు ఎక్కువైన టీలా ఉంటుంది, అంతే. ఆ రంగు చూసి చిట్టియ్య పంటుని ఎగువకి తిప్పి, విల్లులా వంచి, అవతలి రేవుకి చేరుస్తాడు. తొందరున్నవాళ్ళు గొణుక్కుంటారు. అతను వినడు. నది ఒడ్డున పుట్టినవాడికి గీత గీసినట్టు దాటడం అంటే నదిని లెక్కచేయకపోవడమే.

ఆ రేవులో ఒక ఆనవాయితీ ఉంది. పంటుని మేట ఎక్కించిన సరంగు మర్నాడు పాటు వేళ అక్కడికి వెళ్ళి, నడుంలోతు నీళ్ళలో దిగి, మేట కొసన ఒక వెదురుగెడ పాతాలి. దానికి తను కట్టి విడిచిన గుడ్డ జెండాలా కట్టాలి. వరదొచ్చి ఆ గెడని పీక్కుపోయేదాకా ఆ మేటకి అతని పేరే. నదిలో చాలామంది పేర్లు తేలాయి, మునిగాయి. చిట్టియ్య పేరు ఏనాడూ నది మీద లేదు. దాని గురించి అతను మాట్లాడడు గాని, గెడ పాతడానికి వెళుతున్న తోటి సరంగుని చూసినప్పుడు అతని మీసం కింద చిన్న వెలుగు కదిలేది.

మధ్యాహ్నం రెండింటికి చుక్కాని రెండో సరంగుకి అప్పజెప్పి, ఇంటికొచ్చి అన్నం తిని, మూడింటికల్లా చిట్టియ్య ఇంకో ఊరు వెళతాడు.

ఆ ఊరు కిటికీ పక్కన బల్ల మీద, పాత కంప్యూటర్లో ఉంది. మెయిన్ రోడ్డులో బుల్లిబాబు గారికి ఒకప్పుడు నెట్ సెంటర్ ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక దాన్ని మూసి జిరాక్సు కొట్టు పెట్టుకున్నాడు. తూకానికి వేద్దామనుకున్న కంప్యూటర్లలో ఒకటి చిట్టియ్యకిచ్చాడు. అందులో ఒక దొంగల ఆట మిగిలిపోయింది. దీవుల మీద కట్టిన నగరం. ఆడేవాడు ఒక చిల్లర నేరగాడు. ఏ కారైనా లాక్కోవచ్చు, ఎవరినైనా కొట్టొచ్చు, పోలీసులు వెంటపడితే రంగు వేసే షెడ్డులోకి దూరి కారు రంగు మార్చుకుని బయటికి రావచ్చు. బయటికొచ్చాక పోలీసులకి ఏదీ గుర్తుండదు.

చిట్టియ్య అందులో టాక్సీ నడుపుతాడు.

ఒక్క కారే లాక్కున్నాడు, అదీ మొదటిరోజు. పదకొండేళ్ళుగా ఆ పసుపు టాక్సీలో జనాన్ని ఎక్కించుకుంటాడు, దింపుతాడు. ఎర్రదీపం పడితే ఆగుతాడు. ఆ నగరంలో ఎర్రదీపానికి మనసు పెట్టి ఆగేవాడు అతనొక్కడే. వెనకాల కార్లు హారన్లు కొడతాయి. సాయంత్రం కాగానే అక్కడి ఆకాశం దోసకాయ పండినట్టు పచ్చబడి, తర్వాత కుంకుమ రంగవుతుంది. వాన పడితే రోడ్డు మీద దీపాలు కరిగి పారతాయి. దూరాన్ని చూపించే బలం ఆ పాత ఆటకి లేదు కాబట్టి, నాలుగు వీధుల అవతల అంతటినీ పొగమంచుతో కప్పేస్తుంది. చిట్టియ్యకి అదే నచ్చింది. మార్గశిరంలో గోదావరి అలాగే ఉంటుంది. ముందున్నది ముందుకెళితేనే కనిపిస్తుంది.

రాజమండ్రిలో నర్సింగు చదువుతున్న కూతురు రమ్యశ్రీ సెలవులకొచ్చినప్పుడు కొత్త ఆటలు చూపించింది. వాటిలో మనిషి నుదుటి మీద చెమట కూడా కనిపించింది.

"బాగుందమ్మా," అన్నాడు చిట్టియ్య. "పొగమంచేదీ?"

"మంచెందుకు నాన్నా? మొత్తం కనిపిస్తుంది కదా."

"అదే," అని మళ్ళీ తన టాక్సీ ఎక్కాడు.

అతనికి తీరని కోరిక ఒకటుంది. ఆ నగరంలో అతను తిరిగేది తూర్పు దీవి మాత్రమే. పడమటి దీవికి వెళ్ళే వంతెన విరిగి ఉంటుంది. ఆట పెట్టిన పనులు వరసగా చేస్తేనే దాన్ని బాగుచేస్తారు. అన్నీ దొంగ పనులు. చాలావాటిని కళ్ళు సగం మూసుకుని పూర్తిచేశాడు. చివర ఒకటి మిగిలింది. స్పీడుబోటులో ఒక పెట్టె వేసుకుని, నదీముఖం దాటి, లోపల సముద్రంలో నిలబడ్డ తెల్ల ఓడకి రెండు నిమిషాల పది సెకన్లలో చేర్చాలి. పెట్టెలో ఏముందో ఆట చెప్పదు. మొత్తం ఊళ్ళో చిట్టియ్యకి తెలిసిన పని అదొక్కటే, పడవ నడపడం. పదకొండేళ్ళుగా ఓడిపోతున్నదీ దాంట్లోనే. ఎప్పుడూ ఆరేడు సెకన్లు ఆలస్యం.

ప్రతి సాయంత్రం టాక్సీని విరిగిన వంతెన కొసకి తెచ్చి ఆపుతాడు. మంచులో అవతల దీపాలు మిణుకుమిణుకుమంటాయి. రోజూ వందలమందిని అవతలి ఒడ్డుకి చేర్చేవాడికి, చేరలేని ఒడ్డు ఒకటుంది.

ఓసారి బుల్లిబాబు గారి కొట్లో ఆ మాటే వచ్చింది.

"చీట్ కొట్టెయ్ చిట్టియ్యా. నాలుగక్షరాలు టైపు చేస్తే వంతెన అదే వస్తుంది. మా సెంటర్లో పిల్లకాయలంతా అలాగే వెళ్ళేవారు."

"వద్దండి."

"ఏం?"

"రేవు దాటడానికి దొంగదారేంటండి."

బుల్లిబాబు గారు జిరాక్సు మిషను మూత మీద చెయ్యి వేసి నవ్వాడు. "ఆటంతా దొంగతనమే కదయ్యా! పోలీసుని గుద్దేసి పోవచ్చు గాని, చీట్ కొట్టకూడదా?"

"ఆయ్, కొట్టకూడదండి," అన్నాడు చిట్టియ్య.

*

ఈ ఏడు వైశాఖం ఎండలకి వీరవేణి అరుగు మీంచి లోపలికి వచ్చింది. వీరవేణి అతని భార్య, అతని మేనమామ కూతురు. లేసు అల్లుతుంది. పన్నెండేళ్ళప్పుడు పట్టిన సూది, చేతికి ఆరోవేలిలా అతుక్కుపోయింది. ఇంట్లో ఫ్యాను కంప్యూటరు ఉన్న గదిలోనే ఉంది కాబట్టి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె అతని పక్కన కూర్చుని ఆ ఊరిని చూసింది. వేళ్ళు వాటి పని అవి చేసుకుంటుంటే, కళ్ళు నగరమంతా తిరిగాయి.

"మావా, ఈ ఊళ్ళో ఆడవాళ్ళకి పనీ పాటా లేదా? దీపస్తంభం కింద నిలబడ్డమేనా?"

"అలా పెట్టేరే."

"ఎవడు పెట్టేడో గాని, వాడింట్లో ఆడవాళ్ళని చూసి ఉండడు. పిల్లలేరీ?"

"లేరు."

"ఒక్కళ్ళూనా?"

"ఒక్కళ్ళూ లేరు. ముసలాళ్ళూ తక్కువే."

"ఇళ్ళన్నిటికీ తలుపులున్నాయి. ఒక్కటీ తెరవరు. ఈ పచ్చచొక్కా ఆయన్ని ఇందాకట్నించీ మూడుసార్లు చూసేను, ఒకటే మాట అంటన్నాడు."

"ఆయనకి అదొక్కటే వచ్చు."

వీరవేణి దారం లాగి బిగించింది. "పిల్లల్లేకపోవడమే నయంలే. ఉంటే నువ్వీ ఆట ఆడవు."

చిట్టియ్య ఎర్రదీపం దగ్గర ఆగాడు. నిజమే. ఆ ఊళ్ళో ఎవరికీ ఎవరూ లేరు. కారు కింద పడినవాడి కోసం ఏ తలుపూ తెరుచుకోదు. దాని తీపి అక్కడే ఉంది, లోటూ అక్కడే ఉంది. సముద్రం కూడా అంతే. చక్కగా అల వేస్తుంది, సూర్యుణ్ణి మోస్తుంది, లోపల ఒక్క చేప ఉండదు. మొదటి ఏడాది అతను బోటు ఆపి గంటసేపు నీళ్ళలోకి చూశాడు. చేప లేని నీళ్ళని చూసి అతనికి ఆకలి వేసినట్టయింది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ పెట్టె పని మొదలుపెట్టాడు. బోటు జెట్టీ విడిచింది. నదీముఖం దగ్గరికి వచ్చింది. వీరవేణి సూది ఆగింది.

"అలా చుట్టు తిరిగేవేంటి?"

"ఎక్కడ?"

"అదిగో, అక్కడ. ఓడ ఎదురుగుండా కనిపిస్తంటే పక్కకి పోయి వచ్చేవు."

"మేట ఉంటదే అక్కడ. నది సముద్రంలో కలిసే చోటు కదా."

"ఎక్కడ మావా? టీవీలోనా?"

చిట్టియ్య చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. తెర మీద బోటు తనంతట తాను కొంచెం దూరం జారి నిలిచింది. టైము అయిపోయింది. ఓడ ఇంకా ఆరు సెకన్ల దూరంలో ఉంది.

పదకొండేళ్ళు. లేని ఇసుకని చూసి, లేని పాటుకి భయపడి, అతని చెయ్యి ప్రతిసారీ బోటుని విల్లులా వంచింది. అతనికి తెలియనే తెలియదు. వీరవేణి నవ్వు ఆపుకోలేక దారం ఉండ కింద పడేసుకుంది. అది దొర్లుతూ గుమ్మందాకా పోయింది. చిట్టియ్య కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

*

మర్నాటినుంచి అతను చేతికి మరుపు నేర్పడం మొదలుపెట్టాడు. అది తేలిక కాదు. నదీముఖం రాగానే వేలు ఎడమకి వెళ్ళిపోయేది. వేలిని తిట్టుకునేవాడు. 'ఇక్కడ అడుగు లేదు, ఇక్కడ అడుగు లేదు' అని లోపల చెప్పుకునేవాడు. నిజంగానే ఆ నీళ్ళకి అడుగు లేదు. ఎవరో గీసిన నీలం మాత్రమే. వారానికి ఆలస్యం ఆరు సెకన్లనుంచి నాలుగైంది. ఇంకో వారానికి రెండు. మూడోవారం చివర ఒకే ఒక్క సెకను. తెల్ల ఓడ మెట్ల మీద మనిషి కనిపించేంత దగ్గరికి వెళ్ళాడు. ఆ రాత్రి సుఖంగా నిద్రపోయాడు.

తెల్లవారితే అమావాస్య. అమావాస్య పాటు పెద్దది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర, అతని చివరి ట్రిప్పు. పంటు మీద ఆరు మోటారు సైకిళ్ళు, ఒక కొబ్బరికాయల ఆటో, నలభైమంది జనం. చుక్కాని పక్కనే గంప బోర్లించి కూర్చుంది లోవమ్మ. పొద్దున్న చేపలు అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి, అమ్ముకుని వచ్చే మనిషి. అరవై దాటాయి. నోటికి జంకు లేదు. పంటు నరసాపురం వైపు వస్తోంది. ఎండ నీళ్ళ మీద రేకులు పరిచింది. ఎదురుగా రేవు, మర్రిచెక్క తలుపుల టికెట్టు గది, దాని మీద కాకి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. చిట్టియ్య మనసు ఎక్కడో లేదు. ఉన్నచోటే ఉంది. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుంది.

చుక్కాని తిరగలేదు.

పాలెక్కువైన టీ రంగు దగ్గరికొచ్చింది. అతను చూశాడు. చూసి, ఒక్క క్షణం, అక్కడ అడుగు లేదని నమ్మాడు.

పంటు కింద మెత్తగా, పిండి మీద చెయ్యి వేసినట్టు చప్పుడైంది. ఇంజను మూలిగింది. అందరూ ఒక్క అడుగు ముందుకి తూగి, మళ్ళీ వెనక్కి వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. కొబ్బరికాయ ఒకటి ఆటోలోంచి దొర్లి నీళ్ళలో పడి, తీరిగ్గా సముద్రం వైపు వెళ్ళిపోయింది.

"ఓరి చిట్టియ్యా," అంది లోవమ్మ నెమ్మదిగా. "ఎక్కించేసేవురా."

చిట్టియ్య ఇంజను ఆపాడు.

"ఏరా, మా ఆయన పోయాక నీ చేతిమీదే కదరా కళ్ళు మూసుకుని కూర్చుంటన్నాను. ఇయ్యాళ నిజంగానే మూసుకున్నాను. నువ్వూ మూసుకున్నావేంటి?"

జనం నవ్వారు. ఆ నవ్వులో విసుగు తక్కువే. పని తొందర ఉన్నవాళ్ళని చిన్న పడవ వచ్చి తీసుకెళ్ళింది. మిగతావాళ్ళు పోటు కోసం కూర్చున్నారు. తువ్వాళ్ళు తలల మీదికొచ్చాయి, ఒకావిడ గొడుగు కింద ముగ్గురు చేరారు. ఆటో అతను నాలుగు కాయలు కొట్టి అందరికీ ముక్కలు పంచాడు. నది నిలబడిపోయినట్టుంది. మేట మీద మోకాల్లోతు నీళ్ళలో ఒక కొంగ వచ్చి నిలబడి, పంటుని కొత్త ఇంటిని చూసినట్టు చూసింది. నాలుగు దాటాక పోటు వచ్చి పంటుని మెల్లగా ఎత్తింది, నిద్రపోయిన పిల్లని మంచం మీంచి తీసినట్టు.

రేవులో పాటదారు ఎదురుచూస్తున్నాడు. ఏడాదికి రేవుని వేలంలో పాడుకున్న మనిషి. గట్టిగా అరిచేవాడు కాదు.

"నీకేమైంది చిట్టియ్యా? ఒంట్లో బాగుందా?"

"బాగుందండి."

"ఈసారికి సరే. ఇంకోసారి ఇలా అయితే చుక్కాని వేరేవాడికిచ్చి, నిన్ను తాళ్ళు కట్టే పని మీద వెయ్యాల్సొస్తుంది. జనం ప్రాణాలు కదా."

"ఆయ్. మీరు చెప్పేది నిజమేనండి."

ఇంటికొచ్చి చిట్టియ్య కంప్యూటరు వైపు చూడలేదు. వీరవేణికి జరిగింది చెప్పాడు. ఎందుకు జరిగిందో కూడా చెప్పాడు. అది ఆమెకొక్కదానికే చెప్పాడు.

వీరవేణి అంతా వింది. మూడు వారాలుగా తన నవ్వే అతన్ని ఆ పనికి ఎగదోసిందని ఆమెకి తెలుసు. "జెండాకి ఏ గుడ్డ కడతావు?" అంది చివరికి.

"నీలం లుంగీ. మొన్న చిరిగింది."

పొద్దున్న అతను లేచేసరికి లుంగీలోంచి జానెడున్నర వెడల్పు ముక్క కత్తిరించి, మడిచి బల్ల మీద ఉంది. దాని మూడు వైపులా తెల్లని లేసు అంచు. చిన్నచిన్న చేపల వరస, ఒక తోకని ఇంకొకటి పట్టుకున్నట్టు.

"ఇదేంటే?"

"ఒక ఆర్డరులో మిగిలింది. పేరు ఎలాగూ పడింది కదా, కాస్త ఒద్దికగా పడనీ."

ఆ మధ్యాహ్నం పాటులో చిట్టియ్య నడుంలోతు నీళ్ళలో దిగి, మేట కొసన గెడ పాతాడు. పంటు మీదినుంచి కేకలు వేశారు. ఒకడు ఫోనులో ఫొటో తీశాడు. వంగిన వీపు మీద ఎండ పడుతుంటే, కాళ్ళ కింద ఇసుక జారుతూ, మళ్ళీ నిలదొక్కుకుంటూ, బతికున్న జంతువులా కదిలింది. పోయినేడు ఇక్కడ ఇరవై అడుగుల నీళ్ళు. వచ్చే ఏడు ఏముంటుందో ఎవరికీ తెలియదు. ఆ ఆట నగరంలో పదకొండేళ్ళుగా ఒక్క రాయి కూడా జరగలేదు. సిగ్గుపడుతూనే అతనికి ఒక సంతోషం కలిగింది. అరికాళ్ళకి అడుగు తగిలింది.

*

వారం రోజులు కంప్యూటరు మీద తువ్వాలు కప్పి ఉంది. చిట్టియ్య మూడింటికి అరుగు మీద కూర్చుని, అవసరం లేని వల ఒకటి బాగుచేశాడు. పంటు మీద చుక్కాని మునుపటికంటే ఎక్కువ తిప్పుతున్నాడు. అది వీరవేణికి లోవమ్మ చెప్పింది: "ఇప్పుడు మరీ సఖినేటిపల్లి చూపించడానికి యానాం తిప్పుతున్నాడే."

ఎనిమిదోరోజు వీరవేణి తువ్వాలు తీసింది.

"వద్దే," అన్నాడు గుమ్మంలోంచి. "ఇంక ఆ పడవ పట్టుకోను. చెయ్యి పాడవుద్ది."

"నువ్వు పట్టుకోకు. నీ చెయ్యి నీకు కావాలి. ఇలా ఇయ్యి."

చిట్టియ్య తెల్లబోయాడు. వాళ్ళ కుటుంబాల్లో ఆడవాళ్ళు వల అల్లుతారు, చేప కోస్తారు, బజారులో బేరమాడతారు. చుక్కాని మాత్రం ముట్టుకోరు. ఎందుకని ఎవరూ అడగలేదు. వీరవేణి యాభై ఏళ్ళుగా నది ఒడ్డున ఉండి, ఒక్కసారీ పడవ నడపలేదు. ఏ మేటా ఆమె వేళ్ళలో లేదు.

మొదటిసారి జెట్టీకి గుద్దింది. రెండోసారి తెల్ల ఓడని దాటి అలా పోయింది.

"ఎక్కడికే?"

"ఆగదేంటి మావా!"

"వెనకబాణం, వెనకబాణం!"

మూడోసారి లేసు మీద కుట్టు లెక్క పెట్టుకునేటప్పుడు పెదవులు కదిపినట్టు కదిపింది. నదీముఖం వచ్చింది. చిట్టియ్య ఎడమచెయ్యి తొడ మీద ఎడమకి జరిగింది, అతను దాన్ని ఆపలేదు. వీరవేణి బోటు నేరుగా, దారం లాగినట్టు, లేని ఇసుక మీదుగా వెళ్ళిపోయింది. ఓడని చేరేసరికి ఇంకా తొమ్మిది సెకన్లు మిగిలి ఉన్నాయి.

కరెంటు పోతుందేమోనని ఇద్దరూ ఫ్యాను వైపు చూశారు. పోలేదు.

తెర మీద అక్షరాలు వచ్చాయి. వంతెన బాగైంది.

"నువ్వు నడుపు," అంది ఆమె కుర్చీ ఇచ్చి. "టాక్సీ నీది."

చిట్టియ్య టాక్సీని నెమ్మదిగా వంతెన ఎక్కించాడు. మంచు ముందునుంచి తప్పుకుంటూ, వెనకనుంచి కమ్ముకుంటూ వచ్చింది. పడమటి దీవి కనిపించింది. ఎత్తు మేడలు, వెడల్పు వీధులు. మొదటి మలుపులో దీపస్తంభం కింద పచ్చచొక్కా ఆయన నిలబడి ఉన్నాడు. అదే మాట అన్నాడు.

"ఈయనిక్కడికి ఎప్పుడొచ్చాడు?" అంది వీరవేణి.

"మనకంటే ముందే."

"వంతెన విరిగి ఉంది కదా?"

"ఈతొచ్చేమో."

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. తర్వాత ఊరంతా తిరిగారు. ఇక్కడా తలుపులు తెరుచుకోలేదు. పిల్లలు లేరు. నీళ్ళలో చేపల్లేవు. వీరవేణి మర్చిపోకుండా అన్నీ చూసి చెప్పింది. చివరికి చిట్టియ్య టాక్సీని ఒడ్డుకి తెచ్చి, వచ్చిన వైపుకి తిప్పి ఆపాడు. అక్కడ సాయంత్రమవుతోంది. నీళ్ళకి అవతల, మంచులో, తూర్పు దీవి దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. పదకొండేళ్ళు అతను తిరిగిన వీధులవి. ఎర్రదీపం దగ్గర ఆగిన కూడళ్ళవి. ఇక్కడినుంచి వాటిని ఎన్నడూ చూడలేదు.

"బాగుంది కదా మనూరు," అన్నాడు.

వీరవేణి సూది అందుకుంది. "ఊఁ. కాసేపుండు."

మర్నాడు చివరి ట్రిప్పులో చిట్టియ్య పంటుని ఎగువకి తిప్పి, విల్లులా వంచాడు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. మేట కొసన నీలం గుడ్డ గాలికి ఎగిరి, తెల్ల చేపలు ఒకదాని తోకని ఒకటి పట్టుకుని ఈదాయి. లోవమ్మ గంప మీదినుంచి చెయ్యి చాచి, పక్కన కూర్చున్న కొత్త కోడలికి చూపించింది.

"అదిగో, అది చిట్టియ్య మేట. మన రేవులో లేసు కట్టించుకున్న మేట అదొక్కటే."

"మరి తగల్దా అండీ?" అంది ఆ పిల్ల భయంగా.

"అడుగు ఆయన్నే."

చిట్టియ్య నీళ్ళ రంగు మీంచి చూపు తిప్పలేదు. "తగల్దమ్మా," అన్నాడు. "తెలిసిన మేటే."